అలవాట్లు: లేవు

కోరుట్ల
9 జూన్ 2024

సిరిసిల్ల వాస్తవ్యులు బాలకిషన్ గారికి,

సత్యవ్వ రాయునది. మనల కన్న అవ్వ దినాలనాడు నీతోటి మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న. అయిదేండ్లయింది, ఆ ఒట్టు అట్లనే ఉంది. రాయనని ఒట్టు పెట్టుకోలే, అందుకే రాస్తున్న. ఫోన్ చేసినా లాభం లేదు. నలభై ఏండ్లు బట్ట నేసే సాంచెల చప్పుడుల పనిజేసి నీ చెవులు సగం పోయినయి. చెల్లెమాట ఇననోనికి చెవులెందుకని దేవుడే తీస్కపోయిండు.

నాకు ఆపరేషన్ చేస్తరు. బరువు తగ్గే ఆపరేషన్. కడుపుల నాలుగువంతులు ఉంటె మూడువంతులు కోసి తీసేస్తరు. నేను నూటపదహారు కిలోలున్న. షుగరుంది. మోకాళ్లు ఖతమైనయి. పండుకుంటె ఊపిరి ఆగి ఆగి అస్తుందట. కరీంనగర్‌ల డాక్టరమ్మ పరీక్షలన్ని చేసి, చేయొచ్చు అన్నది.

ఏమన్నయితే మాకు తెలిసే ఒప్పుకున్నమని ఇంటోళ్లు కాగితం మీద సంతకం పెట్టాలె. మా ఇంటాయన పోయె. అల్లుడు మస్కట్‌ల ఉండె. జగిత్యాలనుంచి నా బిడ్డ రజిత అచ్చి కాగితం చూసి పక్కకు పెట్టింది. “మామ పెడితెనే నేను పెడతనే. అమ్మమ్మ సచ్చినప్పుడు మీరిద్దరు ఒకరి మీద ఒకరు ఏసుకున్నది నేను కండ్లార చూసిన. రేపు నీకేమన్నయితే అందరు నా మీదనే ఏస్తరు” అన్నది.

అందుకని నువ్వు చేయాల్సింది ఇంతే. అచ్చుడు, సంతకం పెట్టుడు, పోవుడు. సలహాలు నేను అడుగలే. అవి నీ సంచిలనే ఉండని.

సత్యవ్వ


సిరిసిల్ల
16 జూన్ 2024

మహాలక్ష్మీ సమానురాలైన సత్యవ్వ గారికి,

అయిదేళ్ల తర్వాత చెల్లెలు ఉత్తరం రాస్తే అందులో క్షేమం అన్న మాట కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. నీ బీడీ కంపెనీ వాళ్లు ఇచ్చే చీటీ కూడా ఇంతకంటే ఆప్యాయంగా ఉంటుంది.

నేను ఏడో తరగతిలో బడి మానేసి సాంచెల మీదికి పోయినవాణ్ణే. అయితే పకోడీ కట్టి ఇచ్చిన కాగితాన్ని కూడా రెండువైపులా చదవకుండా పారేసిన పాపం ఎరగను. అట్లాంటి కాగితంలోనే ఒకసారి ఏనుగు గురించి చదివాను. పాపం ఆ జీవి రోజులో ఎక్కువ భాగం తింటూనే ఉంటుందట, తిన్నదాంట్లో సగం కూడా అరగదట. అయినా ఏ ఏనుగూ ఇంతవరకు కడుపు కోయించుకున్నట్టు ఆ కాగితంలో లేదు. ఏనుగు మాట ఇప్పుడెందుకు తెచ్చానో నీకు వేరే చెప్పనక్కర లేదు.

సరే, విషయానికి వస్తాను. మా వాడలో సంజీవ్ అని ఒక ఆసామి ఉన్నాడు, ఇరవై సాంచెలకు యజమాని. రెండేళ్ల కింద ఈ ఆపరేషనే చేయించుకున్నాడు. అంతకుముందు షెడ్డులోకి రావాలంటే రెండు సాంచెల సందులో పక్కకు తిరిగి వచ్చేవాడు. ఇప్పుడు ఎదురుగానే వస్తున్నాడు, ఒప్పుకుంటాను. కానీ మొన్న ఒక పెళ్లిలో చూడాల్సింది. ఆకులో రెండు చెంచాల అన్నం పెట్టించుకుని కూర్చున్నాడు. పెళ్లికొడుకు తండ్రికి కోపం వచ్చింది. “ఏం సంజీవన్నా, మా కూర నోట్లె పెట్టస్తలేదా?” అన్నాడు. మర్యాద కోసం సంజీవ్ నాలుగు ముక్కలు గబగబా మింగాడు. అయిదు నిమిషాలకు టెంటు వెనక వంగి కూర్చున్నాడు. ఇంకో పెళ్లిలో డబల్‌కా మీఠా రెండు చెంచాలు తిన్నందుకు చెమటలు పట్టి, గుండె దడదడలాడి, పెళ్లివారి మంచం మీద పడుకున్నాడు. పెళ్లికూతురు కంటే ముందు వరుడి ఇంట్లో మంచమెక్కింది వీడే అని అందరూ నవ్వారు. ఎంట్రుకలు గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడాయి. మాత్రలు చచ్చేదాకా మింగాలట.

ఇవి చిన్నవి. పెద్దవి చెబుతాను విను. సాంచ మీద పోగు తెగితే సాంచ ఆపి అతుకు వేస్తాం. నీ కడుపును కోసి, మిగిలిన గొట్టాన్ని చిన్న చిన్న పిన్నులతో కుడతారు. ఆ కుట్టు ఒక్కచోట వదిలినా లోపలిది పొట్టంతా కారుతుంది. అప్పుడు ఆపడానికి నీ ఒంటికి స్విచ్చు లేదు. కాళ్లలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కోసిన ముక్కను మళ్లీ పెట్టడం ఎవరి వల్లా కాదు.

ఇంకొకటి అడుగుతున్నాను. దీనికి మాత్రం వంకర లేకుండా జవాబు రాయి. ఆ దవాఖాన ఫారంలో ‘అలవాట్లు’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఏమని రాయించావు?

బాలకిషన్


కోరుట్ల
24 జూన్ 2024

బాలకిషన్ గారికి,

నీ ఉత్తరం ఏనుగుకు అందింది. మొత్తం చదివింది. చదువు నువ్వే నేర్పితివి కద, తునికాకు మీద పుల్లతోటి గీకి అక్షరాలు దిద్దిచ్చి. ఆ తప్పు నీదే.

నువ్వు రాసినయన్ని నాకు తెలుసు. నీకు పకోడి కాగితం చెప్పింది, నాకు డాక్టరమ్మ చెప్పింది. కూసోబెట్టి బొమ్మ గీసి చెప్పింది. కుట్టు కారొచ్చు, నెత్తురు పోవచ్చు, గడ్డ కట్టొచ్చు, అందుకే అదే రోజు లేపి నడిపిస్తరట. రెండు వారాలు నీళ్లలెక్క ఉన్నయే తాగాలె. మాంసం గిట్ల మెల్లగ నమిలి మింగాలె. పిత్తంల రాళ్లు అయితయి కొంతమందికి. ఛాతిల మంట అస్తది. రక్తం తగ్గుతది, విటమిన్ గోలీలు బతికినన్ని రోజులు. తోలు వేలాడుతది. నోరు కట్టుకోకుంటె పోయిన బరువు మల్ల అస్తది. నువ్వు సగమే రాసినవ్, మొత్తం నా దగ్గరుంది. కావాలంటె పంపిస్త, పకోడీలు కట్టుకో.

సంజీవ్ పెండ్లానికి ఫోన్ చేసిన. షుగరు సూది బందైందట. మూడంతస్తులు మధ్యల ఆగకుంట ఎక్కుతుండట. అది ఎందుకు రాయలే నువ్వు? చెల్లె భయపడాలె, గంతేనా?

నాకెందుకు గీ ఆపరేషనో కూడ ఇను. పొద్దుగాల చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేయ కూసుంటె నాకై నేను లేసుడు కాదు. పక్కింటి చంద్రవ్వ అచ్చి రెండు చేతులు పట్టి గుంజాలె. ఒకనాడు చంద్రవ్వ మెట్‌పల్లి పోయింది. నేను మూడు గంటలు గట్లనే కూసున్న. చీర ఖరాబైంది. చంద్రవ్వ అచ్చి తానానికి నీళ్లు పెట్టింది. ఇది నీకు రాయొద్దనుకున్న. రాసిన.

ఇగ అలవాట్లు. “బ్రాండి, విస్కీ, బీరు ఏమన్న ఉందా” అని డాక్టరమ్మ అడిగింది. “ఛీ, మా ఇండ్లల్ల ఆడోళ్లు అసొంటియి ముట్టరమ్మా” అన్న. ‘అలవాట్లు: లేవు’ అని రాసింది. రాయదా మరి? పొద్దుమీకి డిపోనుంచి రెండు సీసల కల్లు తెప్పిచ్చుకుంట. మా వాడల ఎవరు తెప్పిచ్చుకోరు? పొద్దంత ఆకు కత్తిరిచ్చిన చేతులు అది పడకపోతె పండుకోనిస్తయా? మనకు జరమొస్తె అవ్వ కల్లే పోసింది. ఆడిబిడ్డ ఇంటికస్తె ముందల పెట్టేది కల్లే. గది అలవాటైతే అన్నం కూడ అలవాటే, ఫారంల రాయిస్త.

అచ్చి సంతకం పెట్టు.

సత్యవ్వ


సిరిసిల్ల
1 జులై 2024

సత్యవ్వకు,

ఏనుగు మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా ఏదీ తీసుకోవడం లేదు.

‘అలవాట్లు: లేవు’ అని ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టను.

నువ్వు తాగేది చెట్టు దిగిన కల్లు కాదు, డిపో కల్లు. అందులో మత్తుపొడి కలుపుతారని కోరుట్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముప్పై ఏళ్లుగా దినామూ ఆ పొడి నీ ఒంట్లోకి పోతోంది. నీకు మత్తు ఇచ్చే డాక్టరుకు ఆ సంగతి తెలియాలి. నీ నోటితో నువ్వే చెప్పు: కల్లు, డిపో కల్లు, రెండు సీసాలు, ముప్పై ఏళ్లు. చెప్పిన మరునాడు వచ్చి, ఎన్నిచోట్ల కావాలంటే అన్నిచోట్ల సంతకం పెడతాను.

చెప్పకపోతే ఆ డాక్టరమ్మకు నేనే ఉత్తరం రాస్తాను. ఎందుకింత పట్టుదల అని అడగకు. అడిగినా చెప్పను.

బాలకిషన్


జగిత్యాల
28 జులై 2024

బాలకిషన్‌కు,

గారు తీసేసిన, చూసుకో.

రజిత ఇంట్ల ఉన్న. ఆగస్టు ఎనిమిదో తారీఖు, గురువారం ఆపరేషన్. అంతకు రెండు రోజుల ముందు దవాఖానల చేరాలె. నీ సంతకం లేకున్నా రజితను ఒప్పిచ్చుకుంట. ఏడుస్తది, పెడతది.

డాక్టరుకు రాస్తనన్నవ్ కద, రాసినవా? ఆమె ఏమనలే. అంటె నువ్వు రాయలే. రాయవు. మనింట్ల ఆడోళ్లు కల్లు తాగుతరని బయటోళ్లకు తెలిస్తె నీ ఇస్త్రీ అంగి నలుగుతది. నాకు తెల్వదా నీ సంగతి? నువ్వు మద్యం మానాలని మీటింగులల్ల మాట్లాడుడు, ఇంటికచ్చి అవ్వకు సీస తెచ్చిచ్చుడు.

అవ్వకు తుంటి ఇరిగితె దవాఖానకు తీస్కపోయినోనివి నువ్వు. పోయేనాడు మాట మంచిగుంది, నాలుగోనాటికి సచ్చింది. “సత్తీ, సత్తీ అని నీ పేరే కలవరిచ్చింది, నువ్వు జల్ది రాలే, బెంగతోటి పోయింది” అని పదిమందిల నా మీద ఏసినవ్. తుంటి ఇరిగితె ఎవరన్న నాలుగు రోజులల్ల సస్తరా? నీ చేతుల పెడితె సచ్చింది. అయిదేండ్లసంది ఇదే రాయాలని ఉండె. ఇయ్యాల రాసిన.

ఇక్కడ నాకు పానం బాగుంటలే. వియ్యపురాలి ముందల కల్లు తెప్పిచ్చుకునుడు ఎట్లని మూడు రోజులు ముట్టలే. ఆపరేషన్ అంటె ఉత్తగనే భయం పట్టుకుంది. చేతులు వణికినయి, చెమటలు అచ్చినయి. కన్ను మూసుడు లేదు. తోలు మీద చీమలు పారినట్టు. మూడోనాడు రజిత చూసిందట, నేను కూసుండి దుప్పటిల పోగులు గుంజుతున్న, వాటికి ముళ్లేస్తున్న. ఏం చేస్తున్నవే అంటె నాకు యాదిలేదు. వియ్యపురాలు దిష్టి తీసింది. రజిత దొంగతనంగ ఒక సీస తెచ్చి పోసింది. అద్దగంటల మంచిగైన. దవాఖానల నాలుగైదు రోజులు ఉండాలె, అప్పటికి భయం పోతె సాలు.

నువ్వు రాకు.

సత్యవ్వ


జగిత్యాల బస్టాండ్
1 ఆగస్టు 2024

చెల్లే,

నీ ఉత్తరం ఇయ్యాల పొద్దుగాల అందింది. పోస్టును నమ్మక బస్సెక్కిన. గీడ బెంచి మీద కూసుండి రాస్తున్న. రజిత చేతికి ఇచ్చి వాకిట్లనుంచే పోత. లోపలికి రాను.

ఎందుకని అడగకు, చెప్పనన్న కద. చెప్తున్న.

దుప్పటిల పోగులు గుంజి ముళ్లేసుడు నీ భయం కాదు. గది నేను చూసిన. అవ్వ గట్లనే చేసింది.

అవ్వను చేర్పిచ్చినప్పుడు డాక్టర్ ఫారం పట్టుకొని నన్ను అడిగిండు. “అలవాట్లేమన్న ఉన్నయా పెద్దమ్మకు?” అని. నా ఒంటిమీద ఇస్త్రీ అంగి ఉండె, చంకల పేపరుండె. పక్క మంచపోళ్లు ఇంటున్నరు. “అసొంటియేం లేవు సార్” అన్న. నువ్వు డాక్టరమ్మకు ఎట్ల చెప్పినవో గట్లనే. కాకపోతె నువ్వు తెల్వక చెప్పినవ్. నాకు తెలిసే చెప్పిన. అవ్వకు దినాం డిపో సీస తెచ్చిచ్చింది నేనే కద.

రెండోనాడు అవ్వ నన్ను దగ్గరికి పిలిచి మెల్లగ “కొడుకా, సీస ఏదిరా” అన్నది. “దవాఖానల ఉన్నం అవ్వా, ఊకో” అన్న. గీ సాకుతోటన్న మానుతది, ఊళ్లె చెప్పుకోవచ్చు అని కూడ అనుకున్న. మూడోనాడు చేతులు వణికినయి. గోడ మీద ఏందో పారుతుందని ఒర్రింది. ఒర్రుడు ఆగలే. మంచానికి గుడ్డలతోటి కట్టేసిన్రు. కట్టేసిన చేతులతోటే దుప్పటిల పోగులు గుంజుకుంట అతుకులు ఏసుకుంట ఉన్నది. ఎనుకట సాంచె బీము కాడ కూసుండి పోగులు అతికినట్టే. “సత్తీ, పోగు తెగిందే, అందియ్యవే” అన్నది. నీ పేరు తలిచింది నిజం. బెంగతోటి కాదు.

నర్సమ్మ అచ్చి మల్ల అడిగింది. “అయ్యా, ఈమెకు తాగుడు ఉందా? నిజం చెప్పు, గట్ల ఉన్నోళ్లే గిట్ల చేస్తరు. చెప్తె దానికి సూదుంది” అన్నది. సూదుందని చెప్పినంక కూడ నోరు తెరువలే నేను. మొన్న లేదన్నోణ్ణి ఇయ్యాల ఉందని ఎట్లంటా? గదొక్కటే నా మనసుల ఉండె. తెల్లారి ఫిట్సొచ్చినయి. ఆగలే.

పదిమందిల నీ మీద ఏసింది గందుకే. నా మీద పడకుంట ఎవరో ఒకరి మీద ఏయాలె. నువ్వు దొరికినవ్.

ఏనుగు కథలు, సంజీవ్ కథలు అన్ని నిన్ను భయపెట్టి ఆపరేషన్ బంద్ చేయిద్దామనే రాసిన. గది బందైతె నేను ఇది చెప్పే పని తప్పుతదని. సంజీవ్ షుగరు సంగతి గందుకే దాచిన. ఆపరేషన్ చేయిచ్చుకో. దానికి నేను అడ్డం లేను. కని దవాఖానల నీకు రెండు సీసలు ఎవరు తెచ్చియ్యరు. కడుపు కుట్టు పచ్చిగున్నప్పుడు మూడోనాడు ఏమైతదో నాకు తెలుసు.

ఇప్పుడు బంద్ కూడ చేయకు. నీ అంతల నువ్వు ఒక్కసారే ఆపకు. రేపే పోయి డాక్టరమ్మకు చెప్పు. నామీద కోపముంటే ఉండని. అవ్వ లెక్క ముళ్లు ఏసుకుంట పోకు.

బాలకిషన్


జగిత్యాల
6 అక్టోబర్ 2024

అన్నకు,

నీ ఉత్తరం అచ్చి రెండు నెలలైంది. చదివినంక రజితకిచ్చిన. చదివి వాకిట్లకు ఉరికింది. నువ్వు పోయినవ్. పోయింది మంచిదైంది. ఉంటె నేనేం చేస్తుంటినో.

ఈ ఉత్తరంల నువ్వు పేపరు లెక్క రాయలే. మనింట్ల మాట్లాడినట్టు రాసినవ్. అందుకే నమ్మిన.

తెల్లారి కరీంనగర్ పోయిన. తోడు వియ్యపురాలు కూడ అచ్చింది, సాటుకు చెప్తమంటె ఆమె లేస్తలేదు. ఇగ ఆమె ముందలనే చెప్పిన. “డిపో కల్లు, దినాం రెండు సీసలు, ముప్పై ఏండ్లసంది తాగుతున్న” అన్న. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. నన్ను తిడుతదనుకున్న. తననే తిట్టుకుంది. “బ్రాండి, విస్కీ అని అడిగిన గని కల్లు అని అడగలేదు, నా తప్పు” అన్నది. ఎనిమిదో తారీఖు కొట్టేసింది. ఇంట్ల కూసుండి ఒక్కసారే ఆపితె పానం మీదికి అస్తదన్నది. మనసు డాక్టరు దగ్గరికి తోలింది. ఆయన వారం రోజులు అక్కడనే పెట్టుకొని సూదులు, గోలీలు ఇచ్చిండు. వారం వారం గోలీలు తగ్గించుకుంట అచ్చిండు. ఇప్పుడు చేతులు వణుకుతలేవు. పండుకుంటున్న. రెండు నెలలు కావస్తుంది సీస చూడక. ఆపరేషనైనంక ఒక్క గిలాస తాగినా సీసంత ఎక్కుతదట, మల్ల అలవాటుల పడుడు అల్కగైతదట. అది నువ్వు కూడ రాయలే, పకోడి కాగితంల లేదేమో.

అచ్చేటప్పుడు బస్సుల నేను మొకం కిటికికి పెట్టుకొని కూసున్న. ఇల్లు దగ్గరికస్తుంటె వియ్యపురాలు “వదినె, పప్పుల అర్రల బియ్యం సంచి ఎనుక నా సీసలు కూడ ఉంటయి” అన్నది. ఇద్దరం ఒక ఇంట్ల మూడు రోజులు సాటుమాటుగ బతికినం చూడు. ఆమె కూడ ఇప్పుడు గోలీలు మింగుతుంది.

నిన్ను మాఫ్ చేసిన అనుకుంటున్నవా? చేయలే. అవ్వ చేతులు కట్టేసిన్రు అని రాసినవ్ కద. గది చదివినంక నీ మొకం చూడబుద్దయితలేదు. అయిదేండ్లు నా వల్లనే పోయిందని నేను ఏడ్వని రోజు లేదు. ఆ ఏండ్లు ఎవరు మల్ల తెచ్చిస్తరు? ఒట్టు అట్లనే ఉంటది. నువ్వు బతికున్నన్ని రోజులు ఉంటదో, నేనున్నన్ని రోజులు ఉంటదో, ఇప్పుడు చెప్పలేను.

ఆపరేషన్ ఇరవై ఒకటో తారీఖు, సోమవారం. రజిత సంతకం పెట్టింది. దాని కింద జాగ ఇడిసి పెట్టింది. ఇంకో జాగ అవసరం లేదని దవాఖానోళ్లు అన్నరు. ఇడిసిపెట్టుండ్రి అన్న.

పొద్దుగాల ఏడు గంటలకు రా. పేపరు తేకు. నాతోటి మాట్లాడకు, నేను కూడ మాట్లాడ. సంతకం పెట్టి బయట బెంచి మీద కూసో. నన్ను లోపలికి తీస్కపోయి మత్తు ఇచ్చినంక నాకు నోరుండదు. రజితకు కన్నీళ్లు తప్ప మాట రాదు. ఏమన్న అవసరం పడితె డాక్టర్లు బయటకచ్చి అడిగేది నిన్నే. ఈమెకు ఏమేం ఉన్నయి, ఏమేం అలవాట్లు ఉండె అని అడుగుతరు. పక్క మంచపోళ్లు ఇంటుంటరు. ఇంటె ఇననియ్యి. పెద్దగ చెప్పు. కల్లు అను, డిపో కల్లు అను, ఎన్నేండ్లో చెప్పు.

ఈసారి లేదనకు.

సత్తి